నాలుగు బొట్లు పెట్టిన గ్రాఫిక్స్ కార్డు

కోవిడ్ మొదలయ్యాక వచ్చిన రెండో దసరా అది. అప్పటికి నేను విజయవాడ వన్ టౌన్‌లో ఒక కంప్యూటర్ల కంపెనీ సర్వీస్ సెంటర్లో సీనియర్ ఇంజనీర్ని. రిటైర్మెంటుకు ఇంకా అయిదు నెలలుంది. పండగ వెళ్ళాక ఒక శుక్రవారం పొద్దున్నే పామర్రు అవతల ఒక చేనేత పేట నుంచి కాల్ వచ్చింది. మా భాషలో కాల్ అంటే ఫోను కాదు, ఫిర్యాదు. మిషన్ ఆన్ అవుతోంది, తెర మీద ఏమీ రావడం లేదు అని రాసుంది. సీనియర్లు మామూలుగా ఊళ్ళ మీదికి వెళ్ళరు. జూనియర్లిద్దరూ పండక్కని వెళ్ళి ఇంకా రాలేదు. వాళ్ళని తిట్టుకుంటూ బస్సెక్కాను.

కాల్ పెట్టిన నాగమణి ముప్పై దాటిన మనిషి, చీరల డిజైన్లు కంప్యూటర్లో గీస్తుంది. గీసి ఊరుకోదు. ఆ చీర కట్టుకుంటే కుచ్చిళ్ళు ఎలా పడతాయో, పమిట మీద జరీ ఎలా మెరుస్తుందో, ఒక్క పోగైనా నేయకముందే ఫోటో తీసినట్టు చూపిస్తుంది. దానికి పెద్ద గ్రాఫిక్స్ కార్డు కావాలి. ఆ కార్డు చేసే పనులు రెండు. బొమ్మను లెక్కగట్టి తయారుచేయడం ఒకటి, తయారైన బొమ్మను వైరు ద్వారా తెరకు పంపడం రెండోది. ఇవి వేరువేరని నాకు ముప్పై ఏళ్ళుగా తెలుసు. తెలిసినంత మాత్రాన వేళకి గుర్తొస్తుందని లేదు.

ఇలాంటి కాల్‌కి మా పద్ధతి ఒకటే. సంచిలో బాగా పనిచేసే చిన్న కార్డు ఒకటి పట్టుకెళ్తాం. కస్టమర్ కార్డు ఊడదీసి దీన్ని పెడతాం. తెర వెలిగితే తప్పు పాత కార్డుదే. వెలిగింది. పది నిమిషాల్లో తేల్చేశాను. "కార్డు డెడ్ అమ్మా" అన్నాను.

నాగమణి కుర్చీలో కూలబడింది. సోమవారం సాయంత్రానికి వన్ టౌన్‌లో ఒక హోల్‌సేల్ బట్టల కొట్టుకి మూడు చీరల బొమ్మలు పంపాలట. పెళ్ళిళ్ళ సీజనుకి వాళ్ళు బొమ్మలు చూసే ఆర్డరు ఇస్తారు. ఇస్తే పేటలో పన్నెండు మగ్గాలకు ఉగాది దాకా పని. "లేకపోతే మా వాళ్ళు మగ్గాలు విప్పేసి హనుమాన్ జంక్షన్ హోటళ్ళలో పనికి పోతారండీ. ఇద్దరు అప్పుడే వెళ్ళి మాట్లాడుకొచ్చారు కూడా" అంది.

నా చిన్న కార్డుతో కానిచ్చేద్దామంటే లాభం లేదు. ఆమె బొమ్మ దాని మెమరీలో పట్టదు. ప్రయత్నించి చూస్తే ప్రోగ్రాం దానంతటదే మూసుకుపోయింది. పెద్దది కొత్తది కొందామంటే ఆ రోజుల్లో వాటికి కరువు, బెజవాడ అంతా గాలించినా దొరికేది కాదు. వారంటీకి పంపితే మూడు వారాలు.

వారంటీ ఫారం నింపాలంటే కార్డు ఏ స్థితిలో ఉందో రాయాలి. టార్చి వేసి చూశాను. తెర వైరు దూర్చే కంతలు నాలుగుంటాయి. నాలుగింట్లోనూ పసుపు, దాని మీద కుంకుమ. తడిపి ముద్దగా పెట్టారు, లోపలి పిన్నుల దాకా దిగి గట్టిపడింది.

ఇదేమిటమ్మా అంటే నాగమణికీ అర్థం కాలేదు. వంటింటి గుమ్మంలో నిలబడ్డ ఆమె అత్తగారు, అచ్చమ్మ గారు, ముందుకొచ్చారు. ఆయుధ పూజ నాడు మగ్గాలకీ, పోగు పట్టుకు తిరిగే నాడెలకీ బొట్లు పెట్టి, కోడలి పనిముట్టును మాత్రం వదిలేస్తే ఎలాగని, వైరు ఊడదీసి బొట్లు పెట్టి, మళ్ళీ దూర్చేశారట. నాకు ఒళ్ళు మండింది. పెడితే పైన డబ్బాకి పెట్టుకోవాలి గానీ కంతల్లో పెడతారా అని కసిరాను.

"బొమ్మ ఇందులోంచే వచ్చిద్దని కోడలే చెప్పింది నాయనా. గుడ్డ నేసే చోట బొట్టు పెడతాం గానీ, గుంజకి పెట్టి ఊరుకుంటామా?" అన్నారావిడ. అంతలోనే తన చేతుల వైపు చూసుకున్నారు. "పన్నెండిళ్ళ నోటి కాడ కూడు నా చేత్తోనే తీశానా?"

ఆవిడ లెక్కలో ఆవిడ మాట సబబే. కసిరినందుకు సిగ్గేసింది.

నాగమణి "ఊరుకోండత్తయ్యా" అని నావైపు తిరిగింది. "సార్, బొమ్మ బయటికొచ్చే దారే కదండీ చెడింది. లోపల తయారుచేసేది కూడా చెడిందేమో మీరు చూశారా?"

చూడలేదు. ఈ అమ్మాయి నాకు పరీక్ష పెట్టడమేమిటని లోపల పొడుచుకొచ్చిన మాట నిజం. కానీ అడిగింది న్యాయమే, మళ్ళీ సంచి విప్పాను.

స్పిరిట్‌లో ముంచిన దూదితో కంతలు నాలుగూ తుడిచాను. ఆరాక పిన్నుల మధ్య షార్టు లేదని మీటరుతో చూసుకుని, కార్డు తిరిగి పెట్టి నాలుగింట్లోనూ వైరు దూర్చి చూశాను. తెర రాలేదు, ఆ దారి పోయినట్టే. ఇక ఎవరూ పొరపాటున కూడా వైరు దూర్చకుండా వాటికి టేపు వేశాను. పెద్ద కార్డును దాని పై స్లాట్లోనే ఉంచి, చిన్నదాన్ని కింది స్లాట్లో పెట్టి, తెర వైరు చిన్నదానికి తగిలించాను. చిన్నదానికి విడిగా కరెంటు వైరు అక్కర్లేదు, స్లాట్లోంచే తీసుకుంటుంది. ఆన్ చేశాను. తెర నల్లగానే ఉంది. అచ్చమ్మ గారు దణ్ణాలు మొదలెట్టారు.

కంప్యూటరు అలవాటు కొద్దీ పై స్లాటు నుంచే బొమ్మ పంపాలని చూస్తోంది. ఆ అలవాటు మాన్పించాలి. పెద్ద కార్డు మళ్ళీ ఊడదీసి, చిన్నదాని మీద తెర తెప్పించి, ఇకమీదట కింది స్లాటు నుంచే పంపమని సెట్టింగు మార్చి, పెద్దదాన్ని తిరిగి పెట్టాను. తెర వచ్చింది. పాత డ్రైవరు తీసేసి, రెండు కార్డులనూ గుర్తుపట్టే డ్రైవరు ఎక్కించాను. డ్రైవరంటే కార్డుకీ కంప్యూటరుకీ మధ్య దుబాసీ. రెండూ ఒకే కంపెనీవి కావడం మా అదృష్టం. కార్డుల జాబితా తెరిస్తే రెండు పేర్లు కనిపించాయి. పెద్దదాని పక్కన తప్పు చూపించే గుర్తేమీ లేదు.

నాగమణి ప్రోగ్రాంలో, బొమ్మ తయారీ ఏ కార్డుకు అప్పజెప్పాలో ఎంచుకునే చోటు ఒకటుంది. పెద్దదానికి టిక్కు పెట్టి, చిన్నదానికి తీసేసి, ఇక నొక్కమన్నాను. కార్డు ఫ్యాన్లు ఒక్కసారిగా రొద పెట్టాయి. తెర మీద ఆకుపచ్చ పమిట ఒక్కో ముక్కే తేలడం మొదలైంది.

"వస్తోందత్తయ్యా! వస్తోంది!" అని నాగమణి అరిచిన అరుపుకి పక్కింట్లో మగ్గం ఆగింది. నాకైతే ఈల వెయ్యాలనిపించింది. వయసు గుర్తొచ్చి మానుకున్నాను.

ఆ చిన్న కార్డు కంపెనీ సొత్తు. కస్టమర్ దగ్గర వదలాలంటే మేనేజరు సంతకం కావాలి. ఫోన్ చేస్తే, పండగ మామూళ్ళు పంచుతున్నారా అని విసుక్కున్నాడు. పూచీ నాది, కార్డు వదిలినట్టు ఫారం రేపు నింపుతానన్నాక ఒప్పుకున్నాడు. రెండు కార్డుల వేడి బయటికి పోయేలా డబ్బా పక్క తలుపు తీసి ఉంచమని నాగమణికి చెప్పాను. వచ్చే దసరాకి బొట్టు డబ్బా ముందువైపే పెట్టమని అచ్చమ్మ గారికి చెప్పాను. "అట్టాగేలే నాయనా, ఈసారికి గుంజకే పెడతా" అని నవ్వారు.

ఆదివారం మధ్యాహ్నానికి మూడు బొమ్మలూ పూర్తయ్యాయి. బుధవారం నాగమణి ఫోన్ చేసింది. కొట్టువాళ్ళు రెండు చీరలు ఖాయం చేశారు, హోటలు పని మాట్లాడుకొచ్చిన ఇద్దరూ మగ్గాలకు పడుగు ఎక్కిస్తున్నారు.

వారంటీ ఫారం చించేశాను. కార్డు చచ్చిందని చెప్పడానికి ఆ రోజు నాకు పది నిమిషాలు పట్టింది. బతికే ఉందని తెలియడానికి అటూఇటూగా గంట పట్టింది. ఆ గంట కూర్చోకుండా అంతకుముందు ఎన్నిళ్ళలోంచి సంచి సర్దుకుని లేచొచ్చానో నాకు తెలీదు. మిగిలిన అయిదు నెలల్లో మాత్రం ఎక్కడా అలా లేవలేదు. కొన్ని కార్డులు బతికాయి, కొన్ని బతకలేదు. బతకనివాటి సంగతి కూడా చూసే చెప్పాను.