వరుసలో చివరి బండి

కువైట్‌లోని మంగఫ్‌లో ఏడుకొండలు ఉండే గదిలో ఆరు మంచాలు. శుక్రవారం వస్తే మిగతా అయిదుగురూ పదింటిదాకా ముసుగు తన్ని పడుకునేవారు. ఏడుకొండలు మాత్రం తెల్లారేసరికే బట్టలుతికి ఆరేసి, చపాతీలు కాల్చి, అవి చల్లారేలోపు రెండుసార్లు నాలుగంతస్తులూ దిగి ఎక్కేవాడు.

"నీ కాళ్లలో ఏముండాదప్పా? సూస్తాంటేనే మాకు అలుపొస్తాంది" అనేవాడు పక్క మంచం మద్దిలేటి. రాయచోటి నుంచి వచ్చి ఇళ్ల కట్టుబడి పని చేస్తున్న మనిషి.

ఏడుకొండలుది ముమ్మిడివరం దగ్గర ఒక లంక. ఇరవై మూడేళ్లప్పుడు, తొంభై ఏడులో, కువైట్ వచ్చాడు. ఏడాది ఐసు ఫ్యాక్టరీలో చేశాడు. తర్వాత స్కూలు బస్సు నడిపాడు. దాని తర్వాత నీళ్ల ట్యాంకరు. ఏ పనిలోనూ అతనికి ఎవరూ కష్టం చెప్పింది లేదు, జీతం ఆపింది లేదు. ఉండబుద్ధి కాలేదు, అంతే. రెండు నెలల సెలవు మీద ఊరెళితే పదిహేనో రోజుకే టికెట్ తీసి తేదీ చూసుకునేవాడు. పెళ్లయిన ఏడేళ్లలో భార్య జ్యోతిలక్ష్మి అతన్ని చూసింది నాలుగే సార్లు. చూసి చూసి రెండువేల అయిదులో ఆవిడే వీసా సంపాదించుకుని వచ్చేసింది. అబూ హలీఫాలో ఒక కువైటీ ఇంట్లో ముసలమ్మను చూసుకునే పని, ఆ ఇంట్లోనే నివాసం. శుక్రవారం మధ్యాహ్నం నాలుగు గంటలు సెలవు. మొగుడూ పెళ్లాం సముద్రం ఒడ్డున కలుసుకునేవారు. ఆవిడ రాళ్ల మీద కూర్చునేది. ఈయన ఆవిడ ఎదురుగా అటూ ఇటూ తిరిగేవాడు.

"మీతో మాటాడుతుంటే మెడ పట్టేత్తందండి. కాసేపు కూకోండి" అనేది ఆవిడ.

కూర్చునేవాడు. రెండు నిమిషాలకు మళ్లీ లేచేవాడు.

చివరికి అతనికి కుదిరిన పని మోటారు సైకిళ్ల షెడ్డు. బాగు చేసిన ప్రతి బండినీ ఒకసారి నడిపి చూడాలి కనుక రోజుకు పదిసార్లు రోడ్డెక్కొచ్చు. షెడ్డు యజమాని అబూ ఫైసలే అతనికి వీసా ఇచ్చి పూచీ పడ్డ కఫీల్. యాభై దాటిన మనిషి, తక్కువ మాటలు. బళ్లంటే పిచ్చి ఉన్నవాళ్లను పోగేసి ఏడాదికోసారి ఏదో ఒక దేశం తిప్పి తెస్తుంటాడు. రెండువేల పన్నెండులో బక్రీదు సెలవులకు వియత్నాం అనుకున్నారు. దక్షిణాన సైగాన్‌లో బళ్లు అద్దెకు తీసుకుని, ఉత్తరాన చైనా సరిహద్దు కొండలదాకా. ఎనిమిది మంది, పద్దెనిమిది రోజులు.

"మెకానిక్ కావాలి, నువ్వు..." అని అబూ ఫైసల్ మాట పూర్తి చేయకముందే ఏడుకొండలు "వస్తాను" అనేశాడు. ఆ దేశం ఎక్కడుందో అతనికి తెలియదు.

"చైనా కిందంట" అని చెప్పాడు శుక్రవారం భార్యతో.

"అక్కడ మీకేం పనండీ?"

"బళ్లు ఆగిపోతే బాగు చెయ్యడం. అందరికంటే ఎనకాల రావాలంట."

జ్యోతిలక్ష్మి అతన్ని ఎగాదిగా చూసింది. "ఎనకాలా? మీరా?" అని నవ్వింది.

ఆవిడ నవ్వు అర్థం కావడానికి మొదటి రోజే చాలింది. మెకానిక్ చివర ఉండాలంటే అందరికంటే నెమ్మదిగా వెళ్లేవాడి వెనక ఉండాలి. ఆ నెమ్మది మనిషి పేరు హనీ. ఈజిప్టు ఆయన. కువైట్‌లోని ఫర్వానియాలో పిల్లలకు లెక్కలు చెప్పే పంతులు, అరవై ఒకటో ఏడు నడుస్తోంది. ఏడుకొండలు ఆయన్ని ఉస్తాద్ అని పిలిచేవాడు. ఆయన బండి గంటకు నలభై కిలోమీటర్లు దాటదు. మెడలో కెమెరా. గేదె కనిపిస్తే ఆగుతాడు, వంతెన కనిపిస్తే ఆగుతాడు, ఏమీ కనిపించకపోయినా ఆగుతాడు. ఆయన ఫోటో తీసుకుంటున్నంతసేపూ ఏడుకొండలు ఇంజను ఆపకుండా, కాలు నేల మీద తాటిస్తూ, ముందు వెళ్లినవాళ్ల పొగ మలుపులో కలిసిపోవడం చూస్తుండేవాడు.

రెండో రోజు బెన్‌చె అనే జిల్లా మీదుగా వెళ్లారు. అక్కడ ఏడుకొండలు మొదటిసారి తనంతట తాను బండి ఆపాడు. కాలవ, కాలవ గట్టు, గట్టు మీద వంగిన కొబ్బరి చెట్లు. పడవ నిండా కొబ్బరికాయలు. నేలలో దిగేసిన గునపం మీద ఇద్దరు ఆడవాళ్లు కాయలు వలుస్తున్నారు. అతను వెళ్లి చెయ్యి చాపాడు. ఒకావిడ నవ్వి పక్కకు జరిగింది. లంకలో వదిలేసి వచ్చిన పని, పదిహేనేళ్లయింది కాయ ముట్టుకుని. అయినా చేతులు మరిచిపోలేదు. పది కాయలు చకచకా వలిచి పడేస్తే ఆడవాళ్లు పెద్దగా అరిచి చప్పట్లు కొట్టారు. హనీ ఫోటోలు తీశాడు.

పదకొండో కాయ అందుకోబోతూ ఆగాడు. పీచు తడి వాసన, కాలవ వాసన. ఇరవై మూడేళ్లప్పుడు దేన్నుంచి పారిపోయాడో అది ఇంత దూరం వచ్చి దారి కాసినట్టు అనిపించింది. ఇష్టంగానూ ఉంది, ఊపిరాడనట్టూ ఉంది. కాయ కింద పెట్టేసి, "యల్లా, పదండి ఉస్తాద్! వాళ్లు చాలా దూరం పోయారు" అని బండి తీశాడు.

తర్వాత కాఫీ తోటల కొండలు వచ్చాయి, పైన్ చెట్లు వచ్చాయి, సముద్రం పక్క పాత ఊళ్లు వచ్చాయి. దారిలో రెండు చైన్లు మార్చాడు, అయిదు పంక్చర్లు వేశాడు, ఒక కార్బొరేటర్ విప్పి కడిగాడు. చేతికి పని ఉన్నప్పుడు బాగానే ఉండేవాడు. మళ్లీ హనీ వెనక పడగానే ఒళ్లంతా చీమలు పాకేవి.

తొమ్మిదో రోజు ఖేసాన్ నుంచి బయలుదేరారు. ఆ దారి లావోస్ సరిహద్దు పక్కనే అడవిలోంచి పోతుంది. రెండువందల ముప్ఫై కిలోమీటర్లలో పెట్రోలు బంకు లేదు, ఊళ్లు తక్కువ, ఫోన్లు పనిచేయవు. పొద్దున్నే ముసురు. అబూ ఫైసల్ అందరికీ సీసాల్లో పెట్రోలు పంచి, ఏడుకొండలు దగ్గర ఆగి, "ఈ ఒక్క రోజు చివరివాడు నీ కంటికి ఆనుతూ ఉండాలి" అన్నాడు.

మధ్యాహ్నానికి హనీ పదకొండుసార్లు ఆగాడు. ఏడుకొండలు లెక్క పెట్టాడు. పన్నెండోసారి ఆయన ఆగి, కెమెరా అద్దం తుడుచుకుంటుంటే, "నేను ఆ కొండ మీద ఉంటాను ఉస్తాద్, మీరు నెమ్మదిగా రండి" అన్నాడు.

హనీ ఏదో అనబోయాడు. ఏడుకొండలు అప్పటికే గేరు వేశాడు.

ఖాళీ సిమెంటు రోడ్డు, రెండు పక్కలా ఆకుపచ్చటి గోడల్లా అడవి. ఒక మలుపు, దాని వెంటే ఇంకోటి. తొమ్మిది రోజులుగా బిగించి పట్టిన కళ్లెం వదిలినట్టయింది. కొండ వచ్చింది. ఆగాలనుకున్నాడు. ఇంకొక్క మలుపు చూద్దామనుకున్నాడు. అలా ముప్ఫై కిలోమీటర్లు పోయి, ఒక వాగు వంతెన దగ్గర అన్నం తింటున్న మిగతావాళ్ల మధ్య బండి ఆపాడు.

"హనీ ఏడీ?" అన్నాడు అబూ ఫైసల్.

"వెనకే వస్తున్నాడు."

అరగంట గడిచింది. ముసురు కాస్తా వాన అయింది. ఇంకో అరగంట. అబూ ఫైసల్ రోడ్డు వైపు చూడటం మానేసి ఏడుకొండలు మొహంలోకి చూశాడు. ఏడుకొండలు బండి వెనక్కి తిప్పాడు.

వెళ్లేటప్పుడు రెక్కలున్నట్టు దాటిన మలుపులన్నీ ఇప్పుడు ఒక్కొక్కటే ఆగి చూడాల్సి వచ్చింది. ప్రతి మలుపులోనూ అంచు దాకా నడిచి కిందికి తొంగి చూసేవాడు. నాచు పట్టిన ఒక మలుపులో పగిలిన ఇండికేటర్ ముక్కలు కనిపించాయి. బండి కాలవలో బోర్లా పడి ఉంది, హ్యాండిల్ మెలిపడిపోయింది. మనిషి లేడు. రోడ్డు పక్క ఒక వెదురు గెడ పాతి, దానికి హనీ హెల్మెట్ తగిలించి ఉంది. ఎవరో కనబడాలనే పెట్టారు. దాని కిందుగా కాలిబాట, కాలిబాట చివర గుంజల మీద నిలబెట్టిన మూడు ఇళ్లు.

చుట్ట లాంటి గొట్టం పీలుస్తున్న ఒక ముసలావిడ లోపలికి రమ్మని సైగ చేసింది. హనీ చాప మీద పడుకుని ఉన్నాడు. కుడి మణికట్టుకు వెదురు బద్దలు పెట్టి గుడ్డ చుట్టారు. మొహం తెల్లగా పాలిపోయింది.

"వచ్చావా" అన్నాడు. కోపం లేదు ఆ గొంతులో. "పడ్డాక రెండుసార్లు నీ పేరు పెట్టి కేకేశాను. తర్వాత గుర్తొచ్చింది, నువ్వు లేవని."

ఏడుకొండలు పక్కనే కూలబడ్డాడు. పరిగెత్తి మిగతావాళ్లకు చెప్పాలనుంది, బండి లేపాలనుంది, ఏదో ఒకటి చేయాలనుంది. కానీ హనీ ఎడమ చేత్తో అతని చెయ్యి పట్టుకున్నాడు. నొప్పి వచ్చినప్పుడల్లా గట్టిగా నొక్కుతున్నాడు. ఎలాగూ వాళ్లు వెతుక్కుంటూ వస్తారు. ఏడుకొండలు కదలలేదు. వాన చూరు మీద పడుతూనే ఉంది. అంతసేపు ఒకచోట కూర్చోవడం అతను ఎరగడు. ప్రతి క్షణం ఒళ్లు లేవమంటూనే ఉంది.

రెండు గంటలు గడిచాక మిగతావాళ్లు వచ్చారు. రోడ్డు పనివాళ్ల లారీ ఒకటి ఆపి హనీని ఎక్కించారు. ఎక్కుతూ ఆయన అబూ ఫైసల్‌తో, "నేనే పంపించాను వీణ్ణి. మీరెంత దూరంలో ఉన్నారో చూసి రమ్మన్నాను" అన్నాడు.

ఏడుకొండలు విన్నాడు. ఆ అబద్ధం మోస్తూ లారీ వెనక బండి నడపడం వానలో నడపడం కంటే కష్టమైంది. డొంగ్‌హోయ్ అనే పట్నంలో ఆసుపత్రికి చేరారు. వరండాలో అబూ ఫైసల్ ఒంటరిగా నిలబడి ఉండగా వెళ్లి చెప్పేశాడు. "ఆయన పంపలేదు బాబా. నేనే వదిలేసి వచ్చాను. మీతో కూడా అబద్ధం చెప్పాను."

అబూ ఫైసల్ అతని బండి తాళం కోసం చెయ్యి చాపాడు.

"రేపటినుంచి నువ్వు బండెక్కవు. హనీని రైల్లో హనోయ్ తీసుకెళ్లు. మేం వచ్చేదాకా ఆయన దగ్గరే ఉండు."

"బళ్లు ఆగిపోతేనో?"

"మేం చూసుకుంటాం."

ఉత్తరాది కొండల మీదే ఏడుకొండలు ఆశలన్నీ. వస్తానన్నాక షెడ్డు గోడ మీది మ్యాపులో ఆ మెలికల దారిని వేలితో ఎన్నిసార్లు నడిపి చూసుకున్నాడో. ఆ కొండలు అతనికి దక్కలేదు. పొద్దున రైలెక్కి సాయంత్రందాకా ప్రయాణం. పెట్టె ఈ చివరనుంచి ఆ చివరకు నడుస్తూనే ఉన్నాడు. హనీ నీళ్ల సీసా మూత తీయమంటే వచ్చి తీసేవాడు, చొక్కా గుండీ పెట్టమంటే పెట్టేవాడు, మళ్లీ నడిచేవాడు.

"నీకు ఎక్కడికి వెళ్లాలని అంత తొందర?" అని అడిగాడు హనీ.

"తెలీదు ఉస్తాద్."

"చిన్నప్పుడు ఏమైనా జరిగిందా?"

"ఏమీ జరగలేదు. అదే నాకూ అర్థం కాదు."

హనీ కిటికీలోంచి బయటికి చూశాడు. "నేనొకటి చెబుతాను, వాళ్లెవరితోనూ అనకు. నాకు ఫోటోలు అక్కర్లేదు. మలుపు వస్తే చేతులు వణుకుతాయి. వణుకు తగ్గడానికి ఆగుతాను. ఉత్తినే ఆగితే భయపడ్డాడంటారు. కెమెరా తీస్తే ఎవరూ ఏమీ అనరు."

ఏడుకొండలు నడక ఆపి ఆయన ఎదురుగా కూర్చున్నాడు. "మరి ఎందుకొచ్చారు?"

"రాకపోతే ఆ నల్లబల్ల ముందే పోతానేమోనని ఇంకా భయం."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్నారు. కాసేపటికి ఏడుకొండలు మళ్లీ లేచాడు.

ఆరు రోజుల తర్వాత మిగతావాళ్లు ఒళ్లంతా బురదతో, నోరాగని కబుర్లతో హనోయ్ చేరారు. ఏడుకొండలు వాళ్ల బళ్లు కడిగి అప్పగించాడు. ఒక్కో చక్రంలోంచి ఆ కొండల మట్టి గోధుమరంగు నీళ్లయి కారుతుంటే మొహం తిప్పుకున్నాడు. విమానంలో అబూ ఫైసల్ అతని సీటు దగ్గర ఆగి "ఖలాస్" అని వెళ్లిపోయాడు. తప్పు సంగతి ముగిసిందనా, ఉద్యోగం ముగిసిందనా? షెడ్డు తాళాలు మళ్లీ చేతికి వచ్చేదాకా ఏడుకొండలుకు నిద్ర పట్టలేదు.

ఆ శుక్రవారం జ్యోతిలక్ష్మికి అంతా చెప్పాడు. ఏదీ దాచలేదు. ఆవిడ ఓదారుస్తుందనుకున్నాడేమో.

"నన్నూ అలాగే వదిలేసి వచ్చారు కదండీ, ఏడేళ్లు" అంది ఆవిడ సముద్రం వైపు చూస్తూ. "నేను కేకెయ్యలేదు, అంతే."

ఆవేళ ఏడుకొండలు ఆవిడ ఎదురుగా తిరగలేదు, పక్కన కూర్చున్నాడు.

మరుసటేడు ఆవిడ ఆ ఇల్లు మాని ఒక పిల్లల బడిలో ఆయా పనికి కుదిరింది. ఫర్వానియాలో ఒక గది అద్దెకు తీసుకుని ఇద్దరూ కాపురం పెట్టారు. అతనేమీ మారిపోలేదు. ఇప్పటికీ చీకటితోనే లేస్తాడు, గదిలో ఉన్న ఆరడుగుల జాగాలోనే తిరుగుతాడు. ఆవిడ విసుక్కుంటే మెట్లు దిగి కిందికి పోతాడు.

రెండువేల పద్నాలుగులో హనీ ఫోన్ చేశాడు. చెయ్యి అతుక్కుందట, ఈసారి బళ్ల మీద జార్జియా దేశం వెళుతున్నారట. "నా వెనక నువ్వే రావాలని చెప్పాను. అబూ ఫైసల్ సరేనన్నాడు."

"ఎల్లనా?" అని అడిగాడు భార్యను. పెళ్లయ్యాక అలా అడగడం అదే మొదటిసారి.

"ఎల్లండి. ఏ రోజు వచ్చేత్తారో చెప్పి ఎల్లండి" అంది జ్యోతిలక్ష్మి.

వెళ్లాడు. హనీ అక్కడా గంటకు నలభై దాటలేదు. ప్రతి మలుపులోనూ ఆగాడు. ఏడుకొండలు తెలుగులో తిట్టుకుంటూ, పళ్లు నూరుకుంటూ, పదిహేను రోజులూ ఆయన వెనకే వెళ్లాడు.