అక్క గాల్లో ఉన్న రోజు

పక్కింటి అమ్మాయి ఉద్యోగం పరీక్షకు ఢిల్లీ వెళ్తూ చెప్పిపోదామని వచ్చి, హైదరాబాదు నుంచి విమానంలో రెండుంపావు గంటలే అమ్మమ్మగారూ అని ఫోను చూపించింది. నరసరావుపేటలో ఈ మేడ మీద ఒంటరిగా ఒక్క గంట గడవడానికే నాకు అంతకన్నా ఎక్కువ పడుతుందనుకున్నాను. ఆ పిల్ల వెళ్లాక మాత్రం, నా ఈడు వాళ్లకు తెలిసిన ఆ పాత ఢిల్లీ, వెళ్లినవాళ్లు ఉత్తరాల్లో తప్ప కనిపించని ఢిల్లీ గుర్తొచ్చింది.

అరవైల మొదట్లో మా అక్క అక్కడ నర్సు. మేము గురజాలలో ఉండేవాళ్లం, నాన్న మిషను బడిలో భూగోళం చెప్పేవారు. అక్క వెళ్లిన కొత్తలో ఆయన గోడపటం మీద దారం పరిచి ఢిల్లీ ఎన్ని మైళ్లో కొలిచి చెబితే, అమ్మ మైళ్ల సంగతి వదిలేసి పిల్ల ఎప్పుడొస్తుందో చెప్పమంది. రైలు ప్రయాణానికే సెలవంతా అయిపోతుందని అక్క రాలేదు. రెండు వేసవులు అలాగే పోయాయి. మూడో వేసవిలో అమ్మ జ్వరంతో పోయింది.

టెలిగ్రాం ఇచ్చాం. తోటి నర్సులంతా కలిసి టిక్కెట్టు కొనిచ్చారట, మర్నాడు పొద్దున విమానంలో బయలుదేరుతున్నానని సాయంత్రానికే అక్క జవాబు వచ్చింది. నాన్న మళ్లీ దారం తీసి, మైళ్లను విమానం వేగంతో భాగించి, మధ్యాహ్నానికల్లా వచ్చేస్తుందని తేల్చారు. ఆ విమానం దిగేది హైదరాబాదులోనని, అక్కణ్ణుంచి గుంటూరు వచ్చి మాచర్ల బండి పట్టుకోవాలని, లోకమంతా పటంలో చూపించే మనిషికి ఆ దుఃఖంలో తట్టనే లేదు. విమానం నేల మీద ఉండగా చూసినవాళ్లం ఒక్కరమూ లేము, మాకూ తట్టలేదు.

పల్నాటి ఎండ మీకు కొత్తగా చెప్పాలా? ఊకలో కప్పి తెప్పించిన ఐసు తెల్లారేసరికే నీరైపోయింది. మధ్యాహ్నం అమ్మను పడుకోబెట్టిన పెట్టెను సమాధుల తోటకు తీసుకుపోయాం గానీ, నాన్న మూత వేయనివ్వలేదు. మూత వేసేముందు మొహం మీది గుడ్డ తీసి, ఇంటివాళ్లంతా వరసగా వచ్చి ఆఖరిసారి చూసుకోవడం మా ఆనవాయితీ. పెద్దబిడ్డ వచ్చాకే అందరం చూద్దామని ఆయన పట్టు, మేమూ ఆగాం. పొద్దు వాలుతోందని పాస్టరుగారు మెల్లగా గుర్తుచేశారు.

"పిల్ల గాల్లో ఉందండీ, వస్తంది. కాసేపు ఆగండి," అన్నారు నాన్న.

అంతలో ఎక్కడిదో, ఎటు పోతున్నదో, ఒక విమానం మోత చేసుకుంటూ మా నెత్తి మీదుగా వెళ్లింది. అందరం తలలెత్తాం. నాన్న చెయ్యి ఊపుతూ దాన్నే చూస్తూ, పిల్ల పైనుంచి చూసిందిలే, ఇక కానివ్వండి అన్నారు. మేమింకా తలలు దించకముందే మూత పడింది.

ఆ వేళకు అక్క సికింద్రాబాదు స్టేషనులో రాత్రి బండి కోసం కూర్చుని ఉందట. మర్నాడు మధ్యాహ్నం గురజాలలో దిగితే ఎదురొచ్చినవాళ్లే లేరు, ఎండలో ఒక్కతే నడిచొచ్చింది. నాన్నను ఏమీ అడగకుండా నన్ను పెరట్లోకి తీసుకుపోయింది.

"చివర్న అమ్మ మొహం ఎట్టా ఉందే?"

"ఎవరం చూళ్లేదక్కా. నీ ఇమానం చూస్తన్నాం."

అక్క నా మీద కోప్పడినా బాగుండేది. నా జడ సవరించి లోపలికి పోయింది.

ఇప్పుడు ఎంత దూరాన ఉన్నవాళ్లయినా పూట తిరక్కుండా వచ్చి వాలుతున్నారు, సంతోషమే. నాన్నా పోయారు, అక్కా పోయింది. రేపు నా పెట్టె దగ్గర ఎవరి కోసం ఆగాలని పాస్టరుగారు ఇప్పుడే అడిగితే, చెప్పడానికి నాకు ఒక్క పేరూ మిగల్లేదు.