అంతరించినవాటి నేరమేమిటి?

బోయిగూడలో మా పఠనమందిరానికి ఒక నియమం ఉండేది. ఆదివారం చర్చలో ఎదుటివాడికి జవాబు చెప్పదలచినవాడు ముందుగా ఎదుటివాడి వాదాన్ని తన నోటితో చెప్పాలి. అది విని ఆ ఎదుటివాడు "అదే నా మాట" అని ఒప్పుకోవాలి. ఒప్పుకునేదాకా జవాబుకు వీల్లేదు. మా అధ్యక్షుడు రైల్వేలో గార్డుగా పనిచేసి రిటైరైన పెద్దమనిషి. ఎవరైనా తొందరపడితే, "సిగ్నల్ పడనిదే బండి ఎట్ల కదుల్తదయ్యా?" అని కూర్చోబెట్టేవాడు. నాకా నియమం మహా ఇష్టం. ఎదుటివాడి వాదాన్ని వాడికంటే బాగా చెప్పి, ఆ తర్వాత కూల్చడంలో ఉన్న ఆనందం ఇరవయ్యారేళ్ళ సైన్సు పంతులుకు మరెక్కడ దొరుకుతుంది?

నలభై ఎనిమిదిలో నిజాం సంస్థానం మీద పోలీసు చర్య జరిగాక మందిరం కొన్ని వారాలు మూతపడింది. మళ్ళీ తెరిచేసరికి ఊళ్ళో అందరి నోటా ఒకటే మాట, ప్రళయం. సంస్థానాన్ని నమ్ముకున్నవాళ్ళు ప్రళయం వచ్చిందన్నారు. రజాకార్ల పీడ వదిలినవాళ్ళు ప్రళయం తప్పిందన్నారు. పంచాంగం పట్టుకుని కలియుగాంతానికి లెక్కలు కట్టేవాళ్ళు సరేసరి. అందుకని మొదటి ఆదివారం చర్చకు "ప్రళయం దైవనిర్ణయమా?" అనే విషయం పెట్టారు. కాదనే పక్షం నాది.

దానికోసం నేను పాత పుస్తకాల అంగడిలో కొన్న ఒక భూగర్భశాస్త్ర గ్రంథం చదివి, నూరు కాయితాల దాకా తెలుగులో రాసుకున్నాను. ఆ కాయితాలను కుట్టి అట్ట వెయ్యమని మా గల్లీలో జిల్దు కట్టే భాయ్‌కి ఇచ్చాను. మందిరం పుస్తకాలన్నీ ఆయన చేతిమీదుగా వచ్చినవే. ఇంట్లో తెలుగు మాట్లాడే ముసల్మాను కుటుంబం, తాతలనాటినుంచీ బోయిగూడలోనే ఉన్నారు. చదవని కాయితానికి సూది పెట్టనని ఆయన పట్టుదల. ఆయన భార్య పుట్టింటివాళ్ళు పడమటి జిల్లాలవాళ్ళు. పోలీసు చర్య వెంటనే అక్కడ ముసల్మానుల మీద జరగరానివి జరిగాక కట్టుబట్టలతో వచ్చి ఈయన ఇంట్లో తలదాచుకున్నారు. బొంబాయి వెళ్ళి ఓడెక్కి కరాచీ పోదామని బావమరిది పోరు పెడుతున్నాడు. భాయ్ ఎటూ తేల్చుకోలేక ఉన్నాడు. ఈ సంగతంతా నాకు తెలుసు. తెలిసే ఆ ఆదివారం నోరు పారేసుకున్నాను.

అధ్యక్షుడి ఇంట్లో పూజలో ఉండే శాలిగ్రామాన్ని ఆయన్నే అడిగి తెచ్చి బల్లమీద పెట్టాను. "మీరు అభిషేకాలు చేసే ఈ రాయి ఒకప్పుడు సముద్రంలో ఈదిన ప్రాణి. దాని వంశం మొత్తం నశించింది" అన్నాను. ముందు వరసలో గొణుగుడు, వెనక నవ్వులు. భూమి మీద ఇలాంటి ప్రళయాలు చాలాసార్లు వచ్చాయని, ఒకసారైతే సముద్రంలోని జీవజాతుల్లో నూటికి పది కూడా మిగల్లేదని, అందులో ఏ దేవుడి చెయ్యీ లేదని చెప్పాను. అంతవరకు బాగానే ఉంది. చప్పట్లు తలకెక్కి ఇంకో మెట్టెక్కాను.

"పోయినవి ఎందుకు పోయాయి? కాలం మారినా తాము మారనందుకు. మారలేనిది పోతుంది. పోవలసిందే!"

హాలు మారుమోగింది. ఇద్దరు ముగ్గురు తల తిప్పి చివరి బెంచీ వైపు చూశారు. అక్కడ భాయ్ కూర్చుని ఉన్నాడు. జవాబు చెప్పేవాళ్ళెవరని అధ్యక్షుడు రెండుసార్లు అడిగినా ఎవరూ లేవలేదు. గెలిచానని ఇంటికి పోయాను.

మర్నాడు పొద్దున్నే భాయ్ మా గడపలో నిలబడ్డాడు. చేతిలో నా కాయితాలు, కుట్టకుండా తాడు చుట్టి ఉన్నాయి.

"సారూ, నీ సామాను. జిల్దు కట్టలె."

"ఎందుకు భాయ్?"

"టైమ్ లేదు. బావమరిదితోని పోతున్నం. జిల్దులు అదిమే ప్రెస్సు సుత అమ్మకానికి పెట్టిన."

"నిన్న నేను చెప్పింది జంతువుల ముచ్చట భాయ్."

"జెర ఆగు. మందిరం నియమం ఉన్నది గద? ముందుగాల నీ మాట నేను చెప్త." చెప్పులు విప్పకుండానే మొదలుపెట్టాడు. "పెద్దపెద్దయి ఉండె. వాటి జమానా నడిచింది. జమానా తిరిగింది, అవి తిరగలె. గందుకే పోయినయ్. పోయినోళ్ళది తప్పు, మిగిలినోళ్ళది కమాల్. గింతేనా?"

నా వాదాన్ని నాకంటే పొట్టిగా, నాకంటే స్పష్టంగా చెప్పాడు. అందులో ఎంత క్రూరత్వముందో అప్పుడు వినబడింది. నియమం ప్రకారం ఒప్పుకోక తప్పలేదు. "అదే నా మాట."

"ఇగ జవాబు విను." తాడు విప్పి మధ్యలోంచి ఒక కాయితం లాగాడు. "గిది నీ రాతనే. శాలిగ్రామంల ఉన్న పురుగు ఖాందాన్ మూడు ప్రళయాలు దాటిందని రాసినవ్. పతీసారి నాలుగు మిగిలి, మల్ల సముద్రం మొత్తం నింపినయని రాసినవ్. నాలుగోసారి పోయినయ్. మూడుసార్లు బహద్దూర్ ఉన్నది నాలుగోసారికి కంజోర్ అయిందా? మీరు దేవుని అర్రల పెట్టి మొక్కుతరు గదనే, గది చేతగానిదా సారూ?"

నాకు నవ్వొచ్చింది. ఆయన నవ్వలేదు.

ఇప్పుడు ఆయన వాదం చెప్పడం నా వంతు. "బలమున్నయి సుత పోతయి అంటున్నవ్" అన్నాను.

"కాదు."

"అంతా తఖ్దీర్, నుదుటి రాత అంటున్నవ్."

"గది మసీదుల ముసలోళ్ళు చెప్పే మాట. నేనెప్పుడన్న?"

కాయితం అందుకుని చదివాను. నా అక్షరాలే, నేనే సరిగ్గా చదవనివి. మూడోసారి మెల్లగా చెప్పాను. "ఎన్నడు రాని ఆపద వచ్చినప్పుడు, ఎన్నేండ్ల తెలివైనా పనికిరాకపోవచ్చు. పోయిండంటే తప్పు చేసిండని కాదు. మిగిలినోడు గది చూసి తీర్పు చెప్పొద్దు."

"గిదే. గిదే నా మాట." అప్పుడు అరుగు మీద కూలబడ్డాడు. "మా బావమరిది గాజులు అమ్ముకునేటోడు సారూ. వాడు మారనిదేంది, మారాల్సిందేంది?"

వచ్చే ఆదివారం మందిరానికి రమ్మన్నాను. ప్రెస్సు అప్పటిదాకా అమ్మొద్దన్నాను. ఆయన తాడు చేతికి చుట్టుకుని వెళ్ళిపోయాడు.

మా చర్చల్లో గెలిచిన వాదాన్ని వెనక్కి తీసుకున్నవాడు అంతవరకు లేడు. నేను లేచి ఆ మాట అనగానే అధ్యక్షుడు కళ్ళజోడు తీశాడు. "ఓడినట్టు రాసుకోవాల్నా?"

"రాసుకోండి. ఓడింది నా మాట. శాస్త్రం ఓడలేదు, నేనూ ఓడలేదు" అన్నాను. ఇప్పటికీ అదే అంటాను. తప్పు దిద్దుకోవడం చేతకానివాడికి హేతువాది అని చెప్పుకునే హక్కు లేదు.

సామూహిక వినాశం పరీక్ష కాదని చెప్పాను. చిన్న ఒళ్ళు, ఏది దొరికితే అది తినే నోరు, దాక్కోవడానికి బొరియ, ఇలాంటి మామూలు విషయాలు ఆ ఒక్క ఆపదలో మిగిలినవాటికి అక్కరకొచ్చాయి. అంతకుముందు వాటిని గొప్పగుణాలని ఎవరూ అనుకుని ఉండరు. ఆపైన కోలుకోవడం ఏమైనా తేలికా? పెద్ద ప్రళయం తర్వాత సముద్రం లక్షల ఏళ్ళు బోసిపోయి ఉండింది. పగడపు దిబ్బలు మళ్ళీ లేవడానికి ఇంకెంతో కాలం పట్టింది. జీవం తిరిగొచ్చింది, పోయిన జాతులు మాత్రం రాలేదు. "ప్రకృతికి కళ్ళు లేవు, అది ఎవరినీ ఎంచి చంపదు. మనకు కళ్ళున్నాయి. ఉండి కూడా పక్కింటివాడు పోతుంటే అది ప్రకృతి నియమమని చప్పట్లు కొడితే మనకంటే ఆ కళ్ళులేని ప్రకృతే నయం" అన్నాను.

ఈసారి ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. భాయ్ చివరి బెంచీ మీద కూర్చుని ఆఖరిదాకా విని వెళ్ళిపోయాడు.

శాలిగ్రామపు జీవి చివరి వినాశం గురించి అప్పటికి మాకు తెలియనిది ఎంతో ఉంది. ఆకాశంనుంచి పడ్డ పెద్ద ఉల్కే దానికి ముఖ్యకారణమని తర్వాత తేలింది. ఇంచుమించు అదే కాలంలో దక్కనులో పొంగిన లావా పాత్ర ఎంతో శాస్త్రవేత్తలు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. ఆ లావాయే గట్టిపడి మన పాత సంస్థానం పడమటి జిల్లాలంతటా పరచుకుంది. ఎండకూ వానకూ చితికి నల్లరేగడి అయింది. అందులో జొన్నా పత్తీ పండుతున్నాయి. చాలా కాలం పట్టింది, కానీ పండుతున్నాయి.

పది రోజుల తర్వాత, మధ్యాహ్నం గంట కొట్టగానే భాయ్ ఏడేళ్ళ కూతురి చెయ్యి పట్టుకుని మా బడికి వచ్చాడు.

"పేరు రాసుకో సారూ."

"కరాచీ?"

"బావమరిది పోయిండు. మా ఇంటామె ఏమన్నదంటే, గా పంతులు నలుగురిల తన తప్పు తనే చెప్పుకున్నడట గద, గసుంటి ఊరును ఇడిచే ముందు ఇంక జెర చూద్దాం అన్నది."

"జెర అంటే ఎన్నొద్దులు?"

"ముందైతే దీని నాలుగో జమాత్ చదువు కానియ్."

అంతవరకు చదువంతా ఉర్దూలోనే, ఆ ఏడే కొత్తగా తెలుగు తరగతులు పెట్టారు. ఎందులో వెయ్యమంటావని అడిగాను.

"తెలుగుల వెయ్. ఉర్దూ ఇంట్ల నేను చెప్పుకుంట."

కాలంతోపాటు మారడమంటే ఇదే భాయ్ అనే మాట నోటిదాకా వచ్చింది. మింగేశాను. రిజిస్టరు తెరిచి, పిల్ల వైపు వంగి, ఎక్కడ కూర్చుంటావని అడిగాను. అది తండ్రి చెయ్యి వదిలి, నేరుగా కిటికీ పక్కన బెంచీ దగ్గరికి నడిచింది.