బండమీద వేరుశనగ

2023 వానాకాలం. అప్పుడు నేను పెనుకొండ ప్రాంతంలో ప్రకృతి వ్యవసాయం నేర్పే ఫీల్డ్ ఉద్యోగిని. యూరియా వేయకుండా, పంటచెత్తతో నేలను కప్పి సాగుచేసే చేలను ఫోన్‌లో మా శాఖ యాప్‌తో ఫోటో తీసి పంపాలి. రైతులూ పంపవచ్చు. ఫోటోకు ‘జియోట్యాగ్’ ఉండాలి, అంటే తీసిన చోటు ఏదో అందులోనే నమోదు కావాలి. నెట్ లేకపోతే ఆ యాప్ తెరుచుకునేదే కాదు.

హిందూపురం చుట్టుపక్కల అది చిటికెలో అయ్యే పని. రొద్దం దగ్గర గుట్ట వెనకున్న నాగమ్మక్క చేనులో మాత్రం సిగ్నల్ ఉండదు. ఆమె మొండిది. ఒకరోజు నాలుగు వేరుశనగ మొక్కలు మట్టితో సహా పెకలించి, చెత్తతో పాటు గంపకెత్తుకుని గుట్టెక్కింది. సిగ్నల్ దొరికిన బండమీద అన్నీ పరిచి, ఫోటో తీసి పంపింది. యాప్ ఆ చోటు చూసి ‘సాగు లేదు’ అని తేల్చేసింది.

ఆఫీసు సమీక్షలో, ఫోటోలు అందిన చేలను చూపే మ్యాప్ వేశారు. హిందూపురం వైపు పచ్చగా, రొద్దం వైపు బోసిగా ఉంది. “ఆ పక్క రైతులకు శ్రద్ధ లేదు. బండమీద ఫోటో పంపిందే, ఆమె పేరు ప్రకృతి సాగు జాబితాలోంచి తీసేయండి” అన్నారు పై అధికారి. పేరు పోతే ఆమె కాయను మందులు వేయని కాయంటే ఎవరూ నమ్మరు. ఏళ్ల కష్టం మట్టిపాలు. నాకు ఒళ్లు మండింది.

“తీయను సార్. ఆ చేను నేను కళ్లారా చూశాను.”

“రుజువేదీ?”

“మీరే వచ్చి చూడండి.”

సంగతి చెబితే నాగమ్మక్క ఇంకా రేగిపోయింది. “గుట్టెక్కింది సాలు తల్లీ. నా చేను యాడికీ రాదు. ఆయప్పనే ఈడికి రమ్మను. నేనేమన్నా దొంగ సేద్యం చేస్తాండానా?”

నేను పేరు తీయలేదు. రోజూ ఫోన్ చేసి ఆయన్ను విసిగించాను. చివరికి వచ్చారు. గట్టుమీద నిలబడి, అలవాటుగా ఫోన్ తీసి పైకెత్తి అటూ ఇటూ తిరిగారు.

“ఈడ అది పలకదు సార్. ఆ చెత్త ఎత్తి సూడండి, తేమ ఉండాది” అంది నాగమ్మక్క.

ఆయన వంగి చూశారు. పేరు ఉంచమన్నారు.

యాప్ మారడానికి ఇంకో పంటకాలం పట్టింది. ఇప్పుడు చేనులో తీసిన ఫోటో ఫోన్‌లోనే ఉండి, సిగ్నల్ తగిలాక వెళ్తుంది. అయినా బోసి మ్యాప్ చూపించి రైతులను తిట్టేవాళ్లు ఇంకా తగులుతూనే ఉంటారు. నేను ఊరుకోను. “ముందు టవర్ ఎక్కడుందో చూపించండి. రైతు సంగతి తర్వాత మాట్లాడదాం” అంటాను.