వాళ్ళకేం తెలుస్తుందిలే

కోయంబత్తూరు పక్కన సింగానల్లూరులో తిలకవతి టీచరు లెక్కలు చెబుతుంటే పక్క తరగతి పిల్లలు కూడా వింటూ కూర్చుని పాసైపోయేవారట. అంత గొంతు ఆమెది. టీచరయ్యాక వచ్చిన గొంతు కాదది. పుట్టుకతో వచ్చింది, వాలీబాల్‌తో ముదిరింది. కాలేజీ రోజుల్లో ఒకసారి ఆ గొంతు వల్లే ఆమె కొంప మునిగింది, మళ్ళీ ఆ గొంతు వల్లే తేలింది. ఆ ముచ్చటే ఇది.

అప్పటికి తిలకం బి.ఎస్సీ. లెక్కల రెండో ఏడు చదువుతోంది. పొడుగు చేతులు, పొడుగు జడ, కుదురు మాత్రం తక్కువ. నాయన వెంకటపతి నూలు మిల్లులో మేస్త్రీ. మిల్లు సైరన్‌ను అక్కడ సంగు అంటారు. సంగు కూస్తే ఊరు లేచేది, సంగు కూస్తే ఊరు తినేది. ఇంట్లో మాట్లాడేది తెలుగు. ఎన్ని తరాల కిందటో మూట కట్టుకొచ్చిన తెలుగు. అందులో చదవడం ఇంట్లో ఎవరికీ రాదు, తిట్టడం మాత్రం అందరికీ వచ్చు.

మిల్లు పనివాళ్ళకు వరసగా కట్టిన లైన్ ఇళ్ళ వెనక షిఫ్టు దిగిన మగవాళ్ళు వాలీబాల్ ఆడేవారు. బంతి, వాళ్ళ ఇంటి మాటలో పందు, గోడ దాటి తిలకం వాళ్ళ పెరట్లో పడేది. ఆ పిల్ల దాన్ని విసిరేది కాదు, పది వేళ్ళ మీద లేపి గోడ అవతలికి పంపేది. అలా లేపీ లేపీ కాలేజీకి వచ్చేసరికి జట్టులో బూస్టర్ అయి కూర్చుంది. షాట్ కొట్టేవాళ్ళకు అందేలా బంతిని పైకి లేపి ఇచ్చేది బూస్టరే. కొట్టినదానికి చప్పట్లు, లేపినదానికి వేళ్ళ నొప్పులు. అయినా తిలకానికి ఆ పనంటే ప్రాణం.

గుండె దడదడలాడినప్పుడు ఆ పిల్ల నోట తమిళం రాదు, ఇంగ్లీషు అసలే రాదు. ఇంటి మాటే తన్నుకొస్తుంది. "ఎనకకీ!" అని అరిచి బంతిని వెనక్కి లేపేది. "ముందరకీ!" అని అరిచి ముందుకు లేపేది. షాట్ కొట్టే కల్యాణసుందరి, వెనక బంతులు అందుకునే రాజామణి కూడా తెలుగిళ్ళ పిల్లలే. ఆ కేక చెవిన పడితే చాలు, కల్యాణి కాళ్ళు వాటంతటవే ఎగిరేవి. అవతలి జట్టు అయోమయంగా చూస్తుండగానే బంతి నేల తాకేది. కోయంబత్తూరు మిగతా కాలేజీల్లో మనవాళ్ళ పిల్లలు చదువుకున్నారు, కుట్లు నేర్చుకున్నారు గానీ, ఆ ఏడు బంతి దగ్గరకు వచ్చిన పాపాన పోలేదు. అందువల్ల వీళ్ళ ఆటలు సాగాయి.

"ఇట్ల అరస్తే అవతలోళ్ళకి తెలియదా?" అని ఒకసారి రాజామణి అడిగింది.

"వాళ్ళకేం తెలుస్తుందిలే!" అంది తిలకం.

ఆట అలా వెలుగుతుంటే చదువు కొంచెం మసకబారింది. అర్ధసంవత్సర పరీక్షల్లో ఫిజిక్స్‌ మార్కులు చూసి వెంకటపతి ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. భోజనమయ్యాక కూతుర్ని పిలిచాడు.

"చూడు తిలకం. నిన్ను డిగ్రీకి పంపిస్తి, పందుకి పంపియ్యలే. ఇప్పుడు పోటీలకని మదురకి పోతా ఉండావు గదా, యూనివర్సిటీ జట్టులో చేరి వస్తే మూడో ఏడూ ఆడుకో, నేను నోరెత్తను. చేరకుంటే ఆ పందు ఇడిసిపెట్టి పుస్తకం పట్టుకో. సరియా?"

"సరి నైనా," అంది తిలకం.

"అది నెట్టు కాడ ఎగరకుంటే ఇంట్లో ఎగురుతాది రా, నా సట్టి కుండలు పగలగొడతాది," అని అవ్వ రంగమ్మాళ్ లోపలినుంచి గొణిగింది. వెంకటపతి చాప పరుచుకున్నాడు. లైన్ ఇంటి పిల్లను యూనివర్సిటీ జట్టులోకి ఎవరు తీసుకుంటారని ఆయన ధైర్యం. మాట తప్పే మనిషి కాదు కాబట్టి, నెగ్గే పందెమే వేశానని అనుకున్నాడు.

అప్పట్లో కోయంబత్తూరు, మదుర కాలేజీలన్నీ ఒకే యూనివర్సిటీ కింద ఉండేవి. మదురలో జరిగే పోటీలు చూసి యూనివర్సిటీ జట్టును ఎంపిక చేస్తారు. తిలకం బస్సులో ఫిజిక్స్ పుస్తకం తెరిచి ఒళ్ళో పెట్టుకుంది. పళని కొండ కనబడ్డా అదే పేజీ, దిండుగల్లు దాటినా అదే పేజీ. మధ్యలో కల్యాణి పాట ఎత్తుకుంటే ఈ పిల్ల పుస్తకం మీదే తాళం వేసింది.

పోటీలకు ముందు రోజు సాయంత్రం పీ.టీ. టీచర్ వాళ్ళను నాయకర్ మహల్ చూడటానికి తీసుకెళ్ళింది. ముగ్గురూ ఆ స్తంభాల కింద నిలబడి నోరు వెళ్ళబెట్టి చూశారు. "మనోళ్ళు కట్టిందే ఇది!" అని కల్యాణి ఒక స్తంభాన్ని కౌగిలించుకోబోయింది, చేతులు సగం కూడా అందలేదు. "మన నాయకర్లే!" అని తిలకం ఛాతీ విరుచుకుంది. ఇంత మాట అనుకున్నవాళ్ళకు ఆ నాయకర్ల వెంట మదురకు వచ్చిన తెలుగువాళ్ళంతా ఏమైపోయారన్న అనుమానం మాత్రం రాలేదు. మహల్ కట్టేసి, చేతులు దులుపుకుని, బండెక్కి వెళ్ళిపోయారనుకున్నారు కాబోలు. లెక్కలు చదివే పిల్లలండీ వీళ్ళు!

మర్నాడు పొద్దున మొదటి ఆట నెగ్గారు, మధ్యాహ్నం రెండోదీ నెగ్గారు. ఆ తర్వాతి రోజు ఫైనలు. ఎదురుగా మదుర కాలేజీ జట్టు. దాని కెప్టెన్ పేరు బంగారు. పొట్టిగా, గట్టిగా, నల్లగా నిగనిగలాడుతూ ఉంది.

"ఆ పొట్టిదాన్ని చూడవే," అంది కల్యాణి బాహాటంగా తెలుగులో, "నెట్టు కింద దూరి మన పక్కకి వచ్చేస్తాది."

ముగ్గురూ ఇకఇకలాడారు. బంగారు మొహంలో ఏ మార్పూ లేదు. జడ ముడివేసుకుని తన చోట నిలబడింది.

ఈల మోగింది. "ఎనకకీ!" అని తిలకం అరిచి వెనక్కి లేపింది. కల్యాణి ఎగిరింది. ఎగిరేసరికే బంగారు చేతులు అక్కడ గోడ కట్టి ఉన్నాయి. బంతి తిరిగొచ్చి కల్యాణి కాళ్ళ దగ్గర పడింది. "ముందరకీ!" అంటే ముందర గోడ. "ఎత్తుగా!" అంటే ఎత్తున గోడ. తిలకం తన వేళ్ళు చూసుకుంది, బంతి చూసుకుంది, వచ్చిన చోట ఏమైనా దిష్టి తగిలిందా అనుకుంది. మొదటి సెట్టు మంచినీళ్ళు తాగినంత తేలిగ్గా మదుర వాళ్ళు గెలిచేశారు.

జట్లు చోట్లు మారుతుండగా బంగారు నెట్టు పక్కన ఆగింది.

"ఏమక్కా, మీరు రొంబ మంచోళ్ళు," అంది చక్కటి తెలుగులో. "పందు యాడికి పోతాదో ముందే చెప్పి పంపిస్తా ఉండారు."

తిలకం నెట్టు దగ్గరకంటా వచ్చింది. "నీకు... తెలుగొస్తాదా?"

"ఆండిపట్టి మాది. మా ఇంట్లో ఎద్దులకి కూడా తెలుగే." బంగారు కల్యాణి వైపు తిరిగింది. "పొట్టిదాన్నే గానీ నెట్టు పైనే ఎగురుతా ఉండాను. చూసినావా?"

కల్యాణి ఉన్నచోటే కూలబడి రెండు చేతులతో మొహం కప్పుకుంది. ఏడుస్తోందనుకుని రాజామణి వంగి చూసింది. ఏడుపు కాదు, నవ్వు. అది రాజామణికి అంటుకుంది. రాజామణి నుంచి తిలకానికి అంటుకుంది. బంగారు కూడా ఆపుకోలేకపోయింది. అంపైరుకు తెలుగు రాదు. ఏం బూతులు తిట్టుకుంటున్నారో అనుకుని గట్టిగా ఈల ఊది, అందరినీ కలిపి కళ్ళతో కాల్చేశాడు.

రెండో సెట్టు మొదలైంది. తమిళంలో అరుద్దామనుకున్నారు. తిలకం గొంతు నుంచి మాట వచ్చేసరికి బంతి దిగిపోయింది. కల్యాణి కాళ్ళకు ఆ భాషలో ఎగరడం అలవాటు లేదు. పోనీ అబద్ధం చెబుదామని తిలకానికి ఒక మెరుపు ఆలోచన వచ్చింది. "ముందరకీ!" అని అరిచి బంతిని వెనక్కి లేపింది. బంగారు మోసపోయింది. బాగానే ఉంది. కల్యాణి కూడా మోసపోయింది. ముందర గాల్లోకి ఎగిరి ఉత్త చేతులు ఊపుకుంటూ దిగింది, బంతి వెనక ఎవరూ లేనిచోట హాయిగా పడుకుంది.

"నాకు చెప్పి అబద్ధం చెప్పవే!" అని కల్యాణి లబలబలాడింది.

అప్పుడు గుర్తొచ్చింది తిలకానికి నాయన మాట. ఈ సెట్టు పోతే అన్నీ పోయినట్టే. యూనివర్సిటీ జట్టు పోయింది, మూడో ఏడు ఆట పోయింది, ఇక ఫిజిక్స్ పుస్తకమే దిక్కు.  ఆ భయంలోంచి తెగింపు వచ్చింది. వింటే విననీ! వినడం వేరు, అందుకోవడం వేరు. అలా అనుకుని బంతి కోసం ఎదురుచూసింది.

"ఎనకకీ!" అని మునుపటికంటే గట్టిగా అరిచింది. నిజమే చెప్పింది, వెనక్కే లేపింది. కానీ ఈసారి బంతి పైకి పోలేదు, నెట్టు అంచు వెంట దూసుకుపోయింది. కల్యాణి కాళ్ళు కేక విని ఎగిరాయి. బంగారు కూడా కేక విని ఎగిరింది, కానీ చేతులు పైకొచ్చేసరికి బంతి అవతల నేలమీద ఉంది. "ముందరకీ!" అంటే ముందరకే, జానెడు ఎత్తులో. "ఎత్తుగా!" అంటే ఎంత ఎత్తంటే, బంగారు ఎగిరి, దిగి, పైకి చూసుకునేంత ఎత్తు. మైదానం చుట్టూ కూర్చున్న పిల్లలు అర్థం కాకపోయినా తిలకంతో పాటు "ఎనకకీ!" అని అరవడం మొదలుపెట్టారు. తిలకానికి ఒళ్ళంతా గాలిలో తేలుతున్నట్టుంది. ఏం ఆడుతోందో, ఏం అరుస్తోందో తెలియనంత సంబరం. రెండో సెట్టు కోయంబత్తూరుది.

మూడో సెట్టు చివరిదాకా సమానంగా నడిచింది. చిట్టచివర మదుర వాళ్ళు కొట్టిన బంతి తిలకానికీ రాజామణికీ మధ్య దిగుతోంది. ఇద్దరూ చేతులు చాచారు.

"ఇడు, ఇడు, నాది!" అని ఒక గొంతు.

ఇద్దరూ మర్యాదగా వదిలేశారు. బంతి మధ్యలో పడింది. అరిచింది నువ్వా అని ఈమె, నువ్వా అని ఆమె. నెట్టు అవతల బంగారు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని వంగిపోయి నవ్వుతోంది. అంపైరు ఈల ఊదాడు. మదుర గెలిచింది.

తిలకం కూడా పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఉన్నట్టుండి ఆగిపోయింది. ఓడిపోయామన్న సంగతి అప్పటికి ఎక్కింది. కళ్ళు నిండిపోయి నెట్టు రెండుగా కనబడింది.

ఎంపిక చేయడానికి వచ్చిన పెద్దమనిషి చెట్టు నీడలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. రెండు జట్లనూ పిలిచాడు. బంగారు పేరు ముందే చెప్పాడు. తర్వాత తిలకం వైపు చూసి తల అడ్డంగా ఊపాడు.

"చేతులు బాగున్నాయమ్మా. కానీ నువ్వేదో అరుస్తున్నావు. ఎక్కడికి వేస్తున్నావో అదే అరుస్తున్నావట, ఈ మదుర పిల్లలు చెప్పారు. బూస్టరన్నాక ఎవరికీ తెలియకుండా వెయ్యాలి. చాటింపు వేసి వేసేవాళ్ళను నేనేం చేసుకోను?" అన్నాడు తమిళంలో.

తిలకం తల దించుకుంది. ఆయన అన్నదాంట్లో తప్పేముంది?

"సార్," అని బంగారు ముందుకొచ్చింది. ఆయనతో తమిళంలోనే మాట్లాడింది. "ఆమె అరిచింది నాకు ప్రతి మాటా అర్థమైంది సార్. అది తెలుగు, మా ఇంటి మాటే. బంతి ఎక్కడికి వస్తుందో ముందే తెలుసు, అక్కడే ఎగిరాను. అయినా రెండో సెట్టులో ఆపలేకపోయాను. దాచి వేసేవాళ్ళ బంతిని ఎప్పుడో ఒకప్పుడు కనిపెడతాం. చెప్పి వేసినా ఆపలేకపోతే, అవతలివాళ్ళు ఇంకేం చేస్తారు సార్? ఆ చివరి పాయింటు కూడా నేను చేత్తో గెలవలేదు, నోటితో కొట్టేశాను."

ఆ పెద్దమనిషి కాసేపు బంగారును చూశాడు, కాసేపు తిలకాన్ని చూశాడు.

"అరవకుండా ఆడగలవా?"

"లేదు సార్," అంది తిలకం. అబద్ధం ఆడితే ఏమవుతుందో అప్పటికే చూసింది కదా.

ఆయన పకపకా నవ్వాడు. "సరే. అయితే మిగతా వాళ్ళే తెలుగు నేర్చుకోవాలి," అని తిలకవతి పేరు కూడా చెప్పాడు.

కల్యాణి, రాజామణి ఆమెను గాల్లోకి లేపారు. లేపడం తిలకం పనే గానీ ఆ రోజు తిలకమే బంతి అయింది. కిందికి దిగాక బంగారును పట్టుకుని ఏడ్చింది, నవ్వింది, ఏదేదో వాగింది. బంగారు కళ్ళు తుడుచుకుంటూ "ఊరుకో అక్కా, మెల్లగా, ఊరంతా వింటా ఉండాది," అంది.

సింగానల్లూరులో బస్సు దిగేసరికి సంగు కూసింది. షిఫ్టు దిగినవాళ్ళు గేటులోంచి వస్తున్నారు, అందరి తలల మీదా దూది. వాళ్ళలో వెంకటపతి కనబడ్డాడు. తిలకం వీధి చివరనుంచే అరిచింది.

"నైనా! చేరిపోతిని! యూనివర్సిటీ జట్టులో చేరిపోతిని!"

గేటు దగ్గర జనం మొత్తం ఆగిపోయారు. వెంకటపతి కూతుర్ని చూశాడు. పందెం ఓడిపోయిన మనిషి మొహం అలా వెలిగిపోవడం ఎవరూ చూసి ఉండరు.  గిరుక్కున తిరిగి, ఇంటికి పోవలసినవాడు మళ్ళీ మిల్లులోకి పోయాడు. అప్పుడే పని మొదలుపెట్టిన షిఫ్టు వాళ్ళకు, ఆ యంత్రాల హోరులో, ఒక్కొక్కరి చెవిలో నోరు పెట్టి, తన కూతురు సంగతి తిలకం గొంతుకేమీ తీసిపోని గొంతుతో అరుస్తూ తిరిగాడు.