క్రికెట్ మైదానం చూడబోయి

కొత్త క్రికెట్ లీగు పుణ్యమా అని పెద్దాపురం దారిలో ఒక మున్సిపాలిటీ మైదానానికి మహర్దశ పట్టబోతోందని పేపర్లో చదివాను. ఆటల పిచ్చివాణ్ణి, చూసి రావాలనిపించింది. ఊరి పేరు రాయను, నాకే సిగ్గు.

భీమవరంలో ఉదయం 5.50కి పాసింజరు ఎక్కాను. నిడదవోలులో అరగంట ఆపేశారు. అక్కడే మంగమ్మ ఎక్కి నా ఎదుట కూర్చుంది. యాభై దాటిన మనిషి, ఆ మైదానం గోడ వెంబడి చేపలమ్ముతుంది. నిడదవోలులో మేనల్లుడి చేత అర్జీ రాయించుకుని తిరిగి వెళుతోంది.

"చదివి పెట్టండి బాబూ, తప్పులున్నాయేమో," అంది.

లీగులో జట్టు నడిపే కంపెనీకి మున్సిపాలిటీ మైదానం లీజుకిచ్చి, పదేళ్లు ఆస్తి పన్ను మాఫీ చేస్తారట. ఆ లోటు పూడ్చడానికి మార్కెట్లో గంపకింత అని రోజూ వసూలు చేసే ఆశీలు పెంచుతారట. గోడ పక్క గంపలు ఎత్తేయాలట. కింద చేపలమ్మే వాళ్ల వేలిముద్రలు. పదకొండింటికి కౌన్సిల్ మీటింగ్, అభ్యంతరాలు అంతకు ముందే ఆఫీసులో ఇవ్వాలి.

"కోట్లున్నోళ్లకి మాఫీ ఏంటండీ? మేం గంప దించకుండానే ఆశీలోడు వచ్చి నిలబడతాడు," అంది.

జట్టు వస్తే ఊరు బాగుపడుతుందన్నాను.

"ఎవరి ఊరండీ?" అంది. చిరాకేసి కిటికీ వైపు తిరిగాను. ఆఫీసులో అర్జీ నన్నే ఇమ్మని బతిమాలితే సంచిలో పెట్టుకున్నాను.

గోదావరి వంతెన మీద రైలు నత్తనడక నడిచింది. ఆమె నది వైపు చూడలేదు, నా వాచీ వైపే చూసింది. రాజమండ్రి చేరేసరికి 9.05, బస్సు 9.25కి. ఆ ఊళ్లో దిగేసరికి పదిన్నర. మున్సిపల్ ఆఫీసు ఐదు నిమిషాల నడక.

బస్టాండు బయట వార్డు కౌన్సిలర్ ఎదురయ్యాడు. మంగమ్మను పలకరించి, పనేంటో కనుక్కుని, నా చేతులు పట్టుకున్నాడు.

"భీమవరం నుంచి మా ఊరొచ్చి టిఫిన్ చెయ్యకుండా వెళ్తారా మాస్టారూ? మీ సంగతి అజెండాలో చివర్నుందండి. బోల్డు టైముంది."

"ముందు కాయితం ఇచ్చేద్దామండి," అని గొణిగింది మంగమ్మ.

"పెద్దమనిషి పిలిచాడమ్మా, కాదంటే ఏం బాగుంటుంది," అన్నాను.

పెసరట్టు ఉప్మా, అల్లం పచ్చడి. రుచిగానే ఉంది, ఒప్పుకోవాలి. వద్దన్నా నాకు రెండో అట్టు చెప్పి, బిల్లు కట్టి, నా జేబులో రెండు మ్యాచ్ పాసులు పెట్టి, "మీరు నిదానంగా తినండి, ఇప్పుడే వస్తా," అని వెళ్లాడు. ఆకులో అట్టు వదిలేస్తే మర్యాద కాదని నేను తింటూనే ఉన్నాను. మంగమ్మ తన ఇడ్లీ ముట్టలేదు.

ఆఫీసు మెట్లెక్కేసరికి 11.10. గుమాస్తా కాగితం అందుకోలేదు.

"లేటయిందండి. ఆ తీర్మానమే మొదట తీశారు. అభ్యంతరాలేమీ రాలేదని ఆమోదించేశారు."

నా ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మంగమ్మ తిట్టినా బాగుండేది.

"పొద్దున్నే బయల్దేరారు, ఆకలేసుంటది లెండి," అని అర్జీ తీసుకుని బొడ్లో దోపుకుంది మంగమ్మ.

మైదానం చూడకుండానే ఒంటిగంట బస్సెక్కాను. రాజమండ్రిలో 3.40కి పాసింజరు దొరికింది. వంతెన దాటుతుంటే పాసులు తీసి చూశాను, పారేయడానికి చెయ్యి రాలేదు. ఇంకా నా దగ్గరే ఉన్నాయి.

ఆ దారిన వెళ్లేవారికి చెబుతున్నాను. బస్టాండు దగ్గర హోటల్లో పెసరట్టు బాగుంటుంది. మైదానం గోడ వెంబడి చేపలు మాత్రం ఇక దొరకవు.