మూడు మడతల సీసపు ఏప్రాన్

మంత్రాలయం నుంచి దక్షిణంగా పద్దెనిమిది కిలోమీటర్లు. ఆ ఊరి హైస్కూలు ముందు మా మూడు బండ్లు ఆగేసరికి మధ్యాహ్నం రెండూ పది. మే నెల. థర్మామీటరు నలభై మూడు చూపిస్తోంది. స్కూలు వెనక నల్లరేగడి చేను, నెర్రెలు విచ్చి, కనుచూపు మేర ఖాళీ. మాజీ సైనికుల కుటుంబాలకు ఇరవై ఒక్క రోజులు వైద్య శిబిరం. అదీ మాకిచ్చిన ఆర్డరు.

కడపలో మా వీధివాళ్లు నన్ను సరిహద్దు కథలు చెప్పమంటారు. చెప్పడానికి నా దగ్గర లేవు. పదిహేడేళ్ల సర్వీసులో నా మీద ఒక్క తూటా పేలలేదు. నేను వైద్య విభాగంలో ఎక్స్‌రే హవల్దార్ని. నాకు నిజంగా భయం వేసిన డ్యూటీ ఇదొక్కటే, అదీ రాయచోటిలో పుట్టినవాడికి పక్క జిల్లాలో.

సామాను: చక్రాల ఎక్స్‌రే యంత్రం ఒకటి, ఫోటో పడే డిజిటల్ పలకలు రెండు, లాప్‌టాప్, సీసపు ఏప్రాన్లు రెండు. ఏప్రాన్ అంటే రబ్బరులో సీసం కలిపిన బరువైన తొడుగు. కిరణాలను ఆపుతుంది. దాన్ని కొక్కేనికి వేలాడదీయాలి, మడవకూడదు. మడిస్తే లోపలి పొర చిట్లుతుంది, పైన గుడ్డకు ఏమీ తెలియదు. ఈ మాట కొత్తగా చేరినవాళ్లకు నేనే ఏళ్ల తరబడి చెప్పాను.

అయితే బయలుదేరే ముందు రోజు కిట్ ఇన్‌స్పెక్షన్. దుప్పటి, చొక్కా, తువ్వాలు అన్నీ ఒకే కొలతలో మడిచి వరుసగా పేర్చాలి. వేలాడుతున్నదేదీ కనబడకూడదన్నాడు సుబేదార్. నేను నోరు మూసుకుని రెండో ఏప్రాన్‌ని మూడు మడతలు పెట్టాను. అంచులు కూడా సరిచేశాను, సిగ్గులేకుండా. దాని మీద పలకల పెట్టె ఎక్కింది. రెండు రోజుల ప్రయాణం అలాగే సాగింది.

దిగాక రెండు ఏప్రాన్లనూ పరీక్షించుకోవాలి. బయట నూట యాభై మంది వరుసలో ఉన్నారు. ఆదివారం చూద్దాంలే అనుకున్నాను.

చివరి తరగతి గదిని ఎక్స్‌రే గది చేశాను. యంత్రం మూతి చేను వైపు గోడకు తిప్పాను. ఆ వైపు మనిషి రాకుండా మా డ్రైవర్ని చేను గేటు దగ్గర వాకీటాకీతో నిలబెట్టాను. వాడు కర్నూలువాడు.

"గేట్?"

"క్లియర్ అన్నా. గొర్రెలుండాయి."

"గొర్రెల్ని గూడా తోలు."

ప్రతి ఫోటోకీ ఇదే మాట. వాడు విసుక్కునేవాడు, నేను వదిలేవాణ్ని కాదు.

రెండో రోజు పదకొండు గంటలకు సైన్యంలో నాయక్‌గా చేసిన ఒక ముసలాయన వచ్చాడు. రిటైరై ముప్పై ఏళ్లు అయినా మీసం మాత్రం డ్యూటీలోనే ఉంది. వెంట కోడలు, ఆమె చంకలో మూడేళ్ల పాప. పాప ట్రాక్టరు ట్రాలీ మీద నుంచి పడింది, ఎడమ మోచేయి వాచింది. పాప తల్లిని వదలడం లేదు. చెయ్యి కదలకుండా ఎవరో ఒకరు పట్టుకోవాలి.

నేను పుస్తకంలో ఉన్న ప్రశ్న అడిగాను. అందరూ వినేట్టు, పరేడ్ గొంతుతో. "ఏమ్మా, కడుపుతో ఉండావా?"

ఆమె మామ వైపు ఒకసారి చూసి తల అడ్డంగా ఊపింది. మూడో నెల పడేదాకా ఆ మాట బయటికి రానీయరు ఆ ఊళ్లల్లో. మామ ముందర అసలే రానీయరు. నాకు తెలియక కాదు, మా ఇంట్లోనూ అంతే. ముసలాయన్నే పట్టుకోమనాల్సింది. అనలేదు. రెండో ఏప్రాన్ ఆమెకు తొడిగి నాడాలు కట్టుకోమన్నాను. రెండు ఫోటోలు తీశాను. ఎముక చిట్లింది, పట్టీ వేశారు, వెళ్లిపోయారు.

ఆదివారం ఉదయం ఏడింటికి ఏప్రాన్లను బల్ల మీద పరిచి వాటినే ఎక్స్‌రే తీశాను. మొదటిది తెరంతా తెల్లగా వచ్చింది. రెండోదాంట్లో సరిగ్గా పొట్ట దగ్గర, ఈ పక్క నుంచి ఆ పక్కకు, నల్లటి గీత. కిరణాలు దాటిపోయిన చోటు. నా మడత.

మా మేజర్ మేడమ్ కేరళ ఆవిడ. తెర చూసింది. "ఇది ఎంతమంది తొడిగారు?" అని హిందీలో అడిగింది. మడిచింది నేనేనని చెప్పి రిజిస్టరు తీశాను. నలుగురు. ముగ్గురు మగవాళ్లు.

నాలుగో మనిషి మరునాడే వచ్చింది, పాప పట్టీ చూపించుకోవడానికి. మామను వేపచెట్టు కింద కూర్చోబెట్టి కిటికీ దగ్గరకు వచ్చింది.

"సార్, ఆ పొద్దు నేను అబద్ధం చెప్పినా. నాకు రెండో నెల. మామ ముందర ఎట్ల చెప్పేది?"

నేను చేతిలోని రిజిస్టరు కింద పెట్టాను.

"మా అత్తకు తెలిసిపోయినాది. ఎక్స్‌రే తగిలినాక బిడ్డ అవిటిగా పుడతాదంట, ఊర్లో సూదిమందు ఏసేటాయన చెప్పినాడు. రేపు ఆదోనికి పిల్సుకొని పోయి తీపిస్తామంటాండారు. నాకేమో ఉంచుకోవాలనుండాది సార్."

మేడమ్ ఆమెను లోపల కూర్చోబెట్టింది. ముసలాయన్ని పిలిపించింది. ఆవిడ హిందీలో చెబుతుంటే నేను తెలుగులో పెట్టాను. పాప చేతికి వాడిన కిరణాలు చాలా తక్కువ. అవి పడింది చేతి మీద. అక్కడి నుంచి చెదిరి తల్లి వరకూ వచ్చేది అందులో పిసరంత. అంత మాత్రానికి బిడ్డకు ఏమీ కాదు, తీయించుకోవాలన్న మాటే వద్దు.

ముసలాయన నా వైపు తిరిగాడు. "ఏమప్పా హవల్దారూ, ఆ సీసం చొక్కా ఏసినారు గదా. అది అడ్డం ఉన్న్యాక ఇంగ భయమేంది?"

అవునని తలూపితే సరిపోయేది. ఆయన లేచి వెళ్లిపోయేవాడు. మేడమ్‌కు ఆ మాట అర్థమైంది. "అది నువ్వే చెప్పు, మడిచింది నువ్వే," అంది మెల్లగా.

చెప్పాను. "అది లోపల చిట్లిపోయుండాది పెద్దాయనా. నేను చూసుకోలేదు. తప్పు నాది. అది లేకపోయినా బిడ్డకు ఏం కాదు, మేడమ్ చెప్పింది నిజం. కానీ బాగుండాదని మాత్రం నేను చెప్పలేను."

పాప ముక్కు ఎగబీల్చుకుంటోంది. ఆ పిల్ల తల్లి నన్ను చూసిన చూపుకు నేను భూమిలోకి కుంగిపోయాను.

"యాడ చిట్లింది?" అన్నాడు ముసలాయన.

"మడత కాడ."

"మడిచింది ఎవురు?"

"నేనే."

ఆయన మీసం దువ్వుకున్నాడు. "కిట్ ఇన్‌స్పెక్షనా?"

"అవును."

"నేనూ పద్దెనిమిదేండ్లు మడిచినా. బూటు లేసులు గూడా మడిచినాం." నా వైపు వేలు చూపించాడు. "నువ్వు దాయాలంటే దాసిపెట్టొచ్చు. దాయలేదు. అట్లాంటోనివి మిగతాది మాత్రం అబద్ధమెందుకు చెప్తావు? ఆదోనికి ఎవురూ పోయే పన్లేదు. మీ అత్తతో నేను మాట్లాడతాలేమ్మా."

కోడలు వెంటనే లేవలేదు. "సార్, ఆ చొక్కా ఫోటో నేను చూడొచ్చా?" అని అడిగింది. లాప్‌టాప్ ఆమె వైపు తిప్పాను.

ఇరవై రెండో రోజు పొద్దున ఆరింటికి శిబిరం ఎత్తేశాం. చిట్లినదానికి ఎర్ర రంగుతో అడ్డగీత కొట్టి, పనికిరాదని రాయించి కండెమ్ చేయించాను. మంచిదాన్ని బండిలో కడ్డీకి వేలాడదీశాను. దారి పొడుగునా అది ఊగి డ్రైవర్ తలకు తగులుతూనే ఉంది, వాడు నన్ను తిడుతూనే ఉన్నాడు. యూనిట్‌కు చేరాక, కడుపుతో ఉన్నావా అన్న ప్రశ్న నేను మళ్లీ గొంతెత్తి అడగలేదు. నర్సు పక్క గదిలో, ఒంటరిగా అడిగేట్టు ఏర్పాటు చేయించాను. సుబేదార్‌తో గొడవపడి గోడకు రెండు కొక్కేలు కూడా కొట్టించాను.

డిసెంబరులో నాయక్ ఫోన్ చేశాడు. "ఆడబిడ్డప్పా. చేతులకీ కాళ్లకీ ఏళ్లు ఇరవై. నేనే లెక్కబెట్టినా." నేను ఫోన్ పట్టుకుని స్టోర్‌రూమ్‌లోకి వెళ్లి ఏడ్చాను. చెప్పుకోవడానికి నాకేం నామోషీ లేదు.

ఇప్పుడా రెండో పాప బడికి పోతోంది. అయినా నాకు ఫోన్‌లో చూసిన దాని మొహం గుర్తురాదు. ఆ రోజు లాప్‌టాప్ ముందు వాళ్ల అమ్మ గుర్తొస్తుంది. తెల్లటి తెర మీద నల్ల గీతను ఆమె చూపుడు వేలితో ఈ చివర నుంచి ఆ చివర వరకూ మెల్లగా తడిమింది. తర్వాత అదే చేతిని తన పొట్ట మీద పెట్టుకుంది.